పెన్న ఇసుకలో నల్ల పొర: ఒక పల్లె మురుగునీటి కేస్ స్టడీ

కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న ఒక పల్లెలో జరిగిన పని ఇది. ఊరి పేరు, మండలం పేరు చెప్పను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. చిన్న ఊళ్ల తాగునీరు, మురుగునీటి పనులు నా వృత్తి. పని చక్కగా కుదిరిందని ఈ కేసు రాయడం లేదు. ఇందులో నేను రెండుచోట్ల బోల్తాపడ్డాను. ఒక తప్పు పక్క ఊరివాళ్లు వచ్చి చెబితే తెలిసింది. రెండోది తెల్లవారుజామున మురుగు కాలువ గట్టున కూర్చుంటే తెలిసింది.

ఊరు, ఏరు

సుమారు ఆరు వందల ఇళ్లు, రెండు వేల ఆరు వందల మంది జనం. పసుపు, అరటి, కొంత వరి పండిస్తారు. వాటన్నిటికన్నా నమ్మకమైన రాబడి పాడి. మూడు వందల యాభైకి పైగా పాలిచ్చే గేదెలున్నాయి. ఊరి ఎగువ సగం గరప నేల మీద, దిగువ సగం నల్లరేగడి మీద ఉంది. ఈ తేడాను గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

మ్యాపులో పెన్న నది. ఇక్కడ చూస్తే ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక. వానలు గట్టిగా పడ్డప్పుడో, పైన రిజర్వాయరు గేట్లు ఎత్తినప్పుడో పారుతుంది. మిగతా కాలమంతా నీరు ఇసుక కింద దాక్కుని ఉంటుంది. వెనకటి తరం వేసవిలో చెలమలు తవ్వి కడవలతో తోడుకునేది. ఇప్పుడు అదే ఇసుకలో రెండు బోర్లు దించి, మోటార్లతో ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తున్నారు.

2019లో జల్ జీవన్ మిషన్ మొదలైన తర్వాత ఈ ఊళ్లో ఇంటింటికీ కుళాయి వచ్చింది. మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నది ఆ పథకం లెక్క. అంతకుముందు వీధి కుళాయి దగ్గర బిందెలతో పట్టుకునే రోజుల్లో నీళ్లు పొదుపుగా వాడేవారు, వాడినవి పెరట్లో అరటిపాదులో ఇంకిపోయేవి. కుళాయి గుమ్మంలోకి వచ్చాక పాదు చాలలేదు. నీళ్లు వీధి కాలువకు, కాలువలోంచి వంకకు, వంకలోంచి పెన్నకు చేరాయి. సెప్టిక్ ట్యాంకులున్న ఇళ్లలో చాలావాటికి ఇంకుడు గుంత లేదు, ట్యాంకు బయటి గొట్టం నేరుగా వీధి కాలువలోనే తెరుచుకుంటోంది. వంక ఏటిలో కలిసే చోటుకు దిగువన, నాలుగు వందల మీటర్లు దాటకుండానే, తాగునీటి బోర్లు. ఇంటికి నీళ్లు తేవడానికి పడిన శ్రమలో పదో వంతు, వాడిన నీళ్లు ఎటు పోతాయన్న ఆలోచనకు దక్కలేదు. ఈ ఒక్క ఊరి సంగతే అయితే ఇంత రాసే పని లేదు.

పిలిచిన కారణం

మార్చిలో సర్పంచ్ ఫోను చేశారు. కుళాయి నీళ్లు పసుపు రంగులో వస్తున్నాయి, వాసన కూడా ఉంది, పైపులు తుప్పు పట్టాయని ఊళ్లో అనుకుంటున్నారు, మార్చడానికి ఎస్టిమేటు వేసి పెట్టమని అడిగారు.

వెళ్లి చూస్తే ఊరంతా ఉన్నది పీవీసీ పైపులు. ప్లాస్టిక్‌కు తుప్పు ఎక్కడిది? అయినా ట్యాంకు అడుగున, బిందెల లోపల ఇటుకపొడి లాంటి మడ్డి పేరుకుంది. అది ఇనుమే. అంటే ఇనుము బోరులోంచే కరిగి వస్తోంది, ట్యాంకులో గాలి తగిలాక రంగు తేలుతోంది.

రెండో ఆనవాలు పంపు ఆపరేటరు దగ్గర దొరికింది. "బ్లీచింగ్ పౌడరు రెట్టింపు వేస్తున్నాను సార్, అయినా చివరి ఇంట్లో క్లోరిన్ కనిపించడం లేదు" అన్నాడు. అతను పౌడరు అమ్ముకుంటున్నాడని అప్పటికే ఊళ్లో గుసగుసలున్నాయి. మర్నాడు పొద్దున నేనే దగ్గరుండి వేయించాను. గంట తర్వాత చివరి వీధి కుళాయి నీళ్లు, క్లోరిన్ ఉందో లేదో చూసే క్లోరోస్కోపు గొట్టంలో పట్టి చుక్కల మందు వేస్తే పసుపు ఛాయ రాలేదు. ఆపరేటరు నిజమే చెప్పాడు. నీళ్లలో అమ్మోనియా ఉంటే క్లోరిన్‌ను ముందు అది మింగుతుంది. ఒక పాలు అమ్మోనియా నైట్రోజన్ ఉంటే, సుమారు ఎనిమిది నుంచి పది పాళ్ల క్లోరిన్ దానికే ఖర్చయితే తప్ప క్రిములను చంపడానికి మిగలదు.

కరిగిన ఇనుము, అమ్మోనియా రెండూ ఒకేసారి రావాలంటే ఇసుకలో ఎక్కడో గాలి అందని కుళ్లు ఉండాలి. అందుకని పైపుల సంగతి వదిలేసి ఏటిలోకి దిగాం.

మాతో డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు వచ్చారు. చిన్నప్పుడు చెలమలు తవ్విన మనిషి. వంక కలిసే చోటి నుంచి బోర్ల దాకా ఐదు చోట్ల తవ్వించాం. మొదటి గుంతలో పైన బెత్తెడు మందం ఇసుక తెల్లగా, మామూలుగానే ఉంది. దాని కింద గీత గీసినట్టు నలుపు మొదలైంది. పిడికెడు తీసి నలిపితే అరచేతికి కాటుకలా అంటింది, కోడిగుడ్డు మురిగిన వాసన వేసింది. పెద్దాయన ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "చెలమలో నీళ్లు ఊరితే ముందు ఇసుక వాసన చూసేవాళ్లం నాయనా, తడి వాసన వస్తేనే కడవ ముంచేవాళ్లం" అన్నారు. బోర్ల వైపు పోయేకొద్దీ ఆ నల్ల పొర పలచబడింది కానీ, ఐదో గుంతలోనూ ఉంది.

మురుగులోని కుళ్లే పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు మొదట ఇసుకలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అది అయిపోతే నైట్రేట్‌ను, ఆ తర్వాత ఇసుక రేణువులకు అంటుకున్న మాంగనీసు, ఇనుము తుప్పులను, చివరికి సల్ఫేట్‌ను పట్టుకుంటాయి. ఇనుము తుప్పు కరిగి నీటిలో కలుస్తుంది, సల్ఫేటు కుళ్లిన గుడ్డు వాసన వాయువుగా మారుతుంది, ఆ రెండూ కలిసిన చోట నల్లటి ఐరన్ సల్ఫైడ్ ఏర్పడుతుంది. కుళాయిలో పసుపు రంగుకు మూలం మా చేతికంటిన ఆ కాటుకే. కుళాయి నీళ్లు పోసి ఉంచిన క్రిముల పరీక్ష వయల్ మర్నాటికి నల్లబడింది, అంటే నీళ్లలో క్రిములు ఉన్నట్టే. పైపుల ఎస్టిమేటు పక్కన పెట్టించాను.

మొదటి తప్పు

అప్పటికప్పుడు చేయవలసినవి రెండు: తాగే నీటిని కాపాడడం, మురుగు ఇసుకలోకి దిగకుండా ఆపడం. వంకకు దగ్గరగా ఉన్న బోరు ఆపించి, దూరపు బోరు ఒక్కదానితో రోజు విడిచి రోజు నీళ్లు వదలమన్నాను. తాగడానికి కాచిన నీళ్లే వాడమని ఇంటింటికీ చెప్పించాం. ఇంతవరకు సరే.

తర్వాత వంక నోటి దగ్గర అడ్డుకట్ట వేసి, మట్టి కాలువ తవ్వించి, మురుగును బోర్లకు దిగువన ఏటిలో కలిపించాను. మూడు రోజుల పని, ఖర్చు తక్కువ, ఊళ్లో అందరూ సంతోషించారు. మే నెలలో దిగువ ఊరి నుంచి నలుగురు వచ్చారు. గొడవ పడలేదు. ఒకాయన సీసాతో నీళ్లు తెచ్చి పంచాయతీ ఆఫీసు బల్ల మీద పెట్టి, "మీకు దిగువ అంటే మాకు ఎగువే కదా సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాళ్ల బోరు ఎంత దూరంలో ఉందో నేను కనీసం అడగలేదు.

కాలువ మూయించి, పంచాయతీ బంజరులో తాత్కాలికంగా గుంట తవ్వించి మురుగు దానిలోకి మళ్లించాం. ఆ వేసవి దోమల పుణ్యమా అని ఊరంతా నన్ను తిట్టుకుంది. దానికి నేను అర్హుణ్నే.

ఇంకుడు గుంతలు

ఇంటింటికీ ఇంకుడు గుంత అన్న మార్గం ముందుగా ఎంచుకున్నది చౌక అని మాత్రమే కాదు. వంటింటి, స్నానాల నీళ్లు ఇంటి దగ్గరే ఇంకితే చివర కట్టే ప్లాంటు చిన్నదవుతుంది. గరప నేల ఉన్న ఎగువ వీధుల్లో అవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. నల్లరేగడిలో తొలి వానకే నిండి, గుమ్మాల ముందు మడుగులయ్యాయి. బారెడు గుంత తవ్వి, నీళ్లు పోసి, అరగంటలో ఎంత దిగిందో కొలిస్తే ముందే తెలిసే సంగతి. ఆ కొలత ఎగువ వీధుల్లో చేసి, దిగువ వీధులకూ అదే చెల్లుతుందనుకున్నాం. దిగువ వీధుల్లో గుంతలు పూడ్పించి మళ్లీ కాలువకే కలిపాం.

ఏ ప్లాంటు, ఎక్కడ

గాలి పంపే బ్లోయర్లతో నడిచే రెడీమేడ్ ప్లాంటు పెడదామని కొందరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. అలాంటివి బాగా పనిచేసేవి ఉన్నాయి, నేనూ పెట్టించాను. కానీ అందులో సూక్ష్మజీవులు బతకాలంటే బ్లోయరు దాదాపు ఆగకుండా తిరగాలి. కరెంటు బిల్లు నెలనెలా కట్టాలి, బెల్టు తెగితే అదే రోజు మార్చాలి. అప్పట్లో ఈ పంచాయతీకి ఏటా వచ్చే నమ్మకమైన డబ్బు 15వ ఆర్థిక సంఘం నిధులు. వాటిలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలన్న నిబంధన ఉండేది కాబట్టి కట్టడానికి డబ్బు ఉంది. రోజూ నడపడానికి మనిషి లేడు. అందుకే కరెంటు లేని పద్ధతి ఎంచుకున్నాం: ముందు మడ్డి దిగే తొట్టి, తర్వాత అడ్డుగోడల మధ్య కిందికీ పైకీ తిరుగుతూ నీరు పోయే మూతతొట్టి, చివర అరెకరంలో మెట్టతామర నాటిన కంకర మడి. మడిలో నీరు కంకర పై మట్టానికి అంగుళం రెండంగుళాల కిందే పారుతుంది, పైకి నీరు కనిపించదు. దోమ గుడ్డు పెట్టే చోటు ఉండదు. గుంట చేసిన నిర్వాకం తర్వాత ఆ షరతు నాకు నేనే పెట్టుకున్నాను.

స్థలం దగ్గర పని మూడు వారాలు నిలిచింది. కాగితం మీద అనువైన చోటు ఎస్సీ కాలనీ వెనక ఉంది. వాలు బాగుంది, భూమి పంచాయతీదే. గ్రామసభలో కాలనీ మహిళ ఒకామె లేచి, "ఊరందరి మురుగూ మా గుమ్మం ముందుకే ఎందుకు రావాలి?" అని అడిగారు. వాలు అని సమాధానం చెప్పబోయి మానుకున్నాను. కాలువను మరో మూడు వందల మీటర్లు పొడిగిస్తే ఏ ఇంటికీ దగ్గర కాని చోటు దొరికింది. ఖర్చు పెరిగింది, వాలు తగ్గింది. కాలువ అడుగును ఇరుకు చేసి ఆ వాలులోనే నీరు నిలవకుండా సర్దుకున్నాం. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వరదలు అందరి కళ్లముందూ ఉన్నాయి కాబట్టి, పెన్న వరద గుర్తు కన్నా ఎత్తులోనే తొట్లు కట్టాం.

తొట్లలోకి మనిషి దిగే అవసరమే రాకూడదని మూతలను మడ్డి తోడే గొట్టం అందేలా అమర్చాం. మనుషులతో ప్రమాదకరంగా మురుగు తొట్లు శుభ్రం చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ఉద్దేశం కూడా అదే. చట్టం లేకపోయినా, తొట్లలో పుట్టే ఆ కుళ్లిన గుడ్డు వాసన వాయువులో మనిషి బతకడు. మేస్త్రీ మూతలకు కడప బండలు వేస్తానన్నాడు. బండ సున్నపురాయి. మూత కింద తడి పట్టే చోట ఆ వాయువు ఆమ్లంగా మారి బండను అడుగు నుంచి తినేస్తుంది. సిమెంటు మూత కూడా దీనికి అతీతం కాదు. అందుకని పొడవాటి గాలిగొట్టాలు పెట్టించాను.

రెండో తప్పు

ఫిబ్రవరిలో ప్లాంటు నడక మొదలైంది. తొలి రెండు నెలలు బయటికి వచ్చే నీరు చూసి మురిసిపోయాం. జూలై నాటికి కంకర మడి మొదటి పది అడుగుల్లో నీరు పైకి తేలి నిలబడింది. కంకర తీసి చూస్తే రాళ్ల మధ్య నెత్తురు గడ్డలా జిగురు, దానిలో సన్నటి పీచు. పీచు ఎక్కడిదో అర్థం కాలేదు. తొట్ల పరిమాణం మళ్లీ లెక్కవేశాను. 2,600 మంది, 55 లీటర్లు, అందులో 80 శాతం మురుగు: రోజుకు లక్షా పద్నాలుగు వేల లీటర్లు. దానికి అరెకరం మడి సరిపోవాలి.

తప్పు లెక్కలో లేదు, సీసాలో ఉంది. డిజైన్‌కు ముందు నేను తీయించిన రెండు నమూనాలూ పగలు పదకొండు గంటలవి. కడపలో బయల్దేరి ఊరు చేరేసరికి అయ్యే టైము అది! ఆ రాత్రి ఊళ్లోనే పడుకుని, నాలుగున్నరకు కాలువ గట్టున కూర్చుని, అరగంటకో సీసా నింపాను. ఐదు దాకా సన్నటి ధార. ఐదుంపావుకు పాల గిన్నెల చప్పుడు వినిపించింది. ఐదున్నరకు కాలువ రంగు మారింది, ఆకుపచ్చగా చిక్కగా వచ్చింది, వరిగడ్డి పోగులు తేలుతూ పోయాయి. ఏడుకల్లా మళ్లీ తేటపడింది.

ల్యాబులో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూసిన బీఓడీ, అంటే కుళ్లే పదార్థం ఎంత ఆక్సిజన్‌ను మింగుతుందో చెప్పే కొలత, పదకొండు గంటల సీసాలో లీటరుకు 190 మిల్లీగ్రాములు. ఐదున్నర సీసాలో 1,400 దాటింది. ఒక గేదె పేడంతా కాలువలో పడితే పది మంది మనుషుల మురుగుకు తక్కువ కాదు. నేను మనుషులకు ప్లాంటు కట్టాను, వచ్చింది గేదెల మురుగు.

తొట్టి పెద్దది చేయడం ఒక దారి. పేడ కడగవద్దని తీర్మానం చేసి జరిమానా వేయడం ఇంకో దారి. రెండింటికీ ముందు, ఎందుకు కడుగుతున్నారో అడుగుదామని నాలుగు కొట్టాలకు వెళ్లాను. ఒకామె నవ్వి, "పేడ ఎత్తి ఎక్కడ వేయాలి సార్? మా దిబ్బ ఉన్న చోట సిమెంటు రోడ్డు వేశారు కదా" అన్నారు. నిజమే. వెనక ప్రతి ఇంటికీ ఒక దిబ్బ ఉండేది. ఇళ్లు పెరిగి, రోడ్లు వచ్చి దిబ్బలు పోయాయి. ఆరు గంటలకు పాల కేంద్రం మూసేలోగా పాలు పితికి కొట్టం శుభ్రం చేయాలంటే పైపు పట్టి కాలువలోకి కొట్టడమే తేలిక. పసుపు, అరటి రైతులు డబ్బు పెట్టి ట్రాక్టర్లతో కొనే ఎరువు ఏటిలో కలుస్తోంది.

కుదిరింది

పంచాయతీ ఊరి బయట రెండు చోట్ల స్థలం ఇచ్చి, ఇంటికో దిబ్బ చొప్పున హద్దులు వేసింది. కొట్టాల వీధుల్లో కాలువ మొదట్లో జాలీ ఉన్న చిన్న గుంతలు కట్టించాం. ముందు పారతో పేడ ఎత్తి, తర్వాతే నీళ్లు కొట్టాలి. నా మాట విని దీన్ని ఎవరూ చేయలేదు. మొదటి దిబ్బ ట్రాక్టరుకు అమ్ముడుపోయాక చేశారు. ఇప్పటికీ ఓ ఇరవై ఇళ్లవాళ్లు కాలువలోకే కొడతారు. గుంతల్లో చిక్కిన దాన్ని వారానికి రెండుసార్లు పంచాయతీ కార్మికులు ఎత్తి దిబ్బకు చేరుస్తారు. పాడైన కంకర తీసి, కడిగి, తిరిగి పరిచేసరికి ఫిబ్రవరి వచ్చింది. జూలై నుంచి ఏడు నెలలు పోయాయి.

ఇక శుద్ధి అయిన నీటిని ఏం చేయాలి? ఇక్కడ మాకూ ఒక అధికారికీ తేడా వచ్చింది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం నదుల్లోకి వదిలే నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. మా నీరు ఆ లోపే ఉంది, వదిలేయండి అన్నారు ఆయన. నేను ఆయన ముందు ఒక చిన్న లెక్క పెట్టాను. స్నానానికి పనికొచ్చే నదిలో బీఓడీ 3 దాటకూడదు. 30 ఉన్న నీరు 3కు దిగాలంటే ఒక పాలుకు తొమ్మిది పాళ్ల స్వచ్ఛమైన నీరు కలవాలి. రోజుకు లక్షా పద్నాలుగు వేల లీటర్లకు తొమ్మిది రెట్లంటే పది లక్షల పైచిలుకు, సెకనుకు సుమారు పన్నెండు లీటర్ల పారుదల. ఏప్రిల్‌లో పెన్నలో సెకనుకు పారేది సున్నా. నిబంధన తప్పు కాదు, అది పారే నది కోసం. ఎండిన ఏటిలోకి వదిలితే మనం వదిలిందే నది అవుతుంది.

అందుకని ఏరు పారే రోజుల్లో మాత్రమే ఏటిలోకి, మిగతా నెలల్లో పొలానికి అని నిర్ణయించాం. పశుగ్రాసం రోజుకు ఆరు మిల్లీమీటర్ల నీరు తాగుతుందనుకుంటే ఈ నీటికి నాలుగున్నర ఎకరాలకు పైనే కావాలి. ఆకుకూరలు వద్దన్నాను. కంకర మడి దాటాక కూడా నులిపురుగుల గుడ్లు, క్రిములు కొన్ని మిగులుతాయి, పచ్చిగా తినేవాటికి అది ఒప్పదు. పంచాయతీ ఏటా ఈ నీటికి వేలం పెడుతోంది. నేపియర్ గడ్డి వేసే ఇద్దరు రైతులు పాడుకుంటున్నారు. వేలం డబ్బు కాలువ పనివాళ్ల కూలికి సరిపోతుంది. నీటికి కొనేవాడు ఉన్నందువల్ల మరో లాభం కలిగింది, ప్లాంటు సరిగా నడవకపోతే మొదట ఫోను చేసేది ఆ రైతులే.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా ముందు రాత్రి అక్కడే ఉంటాను. నమూనాలు ఇరవై నాలుగు గంటలూ తీయిస్తాను. పశువుల లెక్క లేకుండా డిజైన్ మొదలుపెట్టను. దిగువ ఊరి బోరు ఎక్కడుందో మొదటి రోజే అడుగుతాను, వీలైతే ఆ ఊరివాళ్లనే పిలిచి అడుగుతాను.

ఫలితం గురించి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్లాంటు ఆగి ఉన్న నెలల్లోనే పెన్నకు మంచి ప్రవాహం వచ్చింది. మడి మళ్లీ మొదలయ్యాక తవ్వి చూస్తే ఇసుక చాలా వరకు తెల్లబడింది. సర్పంచ్ ఆనందంగా ఫోటోలు తీయించారు. అది మా ఘనత కాదు, ఏరు తనను తాను కడుక్కుంది. మా పని పరీక్షకు నిలిచేది ఆ తర్వాతి ఏప్రిల్‌లో, ఏరు పారడం ఆగి ఐదు నెలలు గడిచాక.

ఆ ఏప్రిల్‌లో అవే ఐదు చోట్ల తవ్వాం. చివరి ఇంటి కుళాయిలో క్లోరిన్ పసుపు ఛాయ చూపిస్తోంది. బోర్ల దగ్గర రెండు గుంతల్లో నలుపు లేదు. వంక నోటి దగ్గర గుంతలో గోరంత మందం మిగిలింది. కానీ మూడో గుంతలో బెత్తెడు లోతున నల్ల పొర కొత్తగా, మొదటిసారి చూసినంత మందంగా ఉంది. అక్కడికి మురుగు కాలువ రాదు. గట్టు మీద చూస్తే బండి చక్రాల గాళ్లు. సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకరు రాత్రిళ్లు వచ్చి ఏటిలో ఖాళీ చేసి పోతోంది. ఊళ్లో తోడిన మడ్డి ఎటు పోతోందని రెండేళ్లలో మేమెవరమూ అడగలేదు. పెద్దాయన ఈసారి గుంతలోకి వంగలేదు, గట్టు మీదే నిలబడి గాళ్ల వైపు చేయి చూపించారు. మడ్డి ఆరబెట్టే మడికి స్థలం వెతకడం ఆ మర్నాడు మొదలుపెట్టాం.